ప్రమాణాలు రాయలేదు

బండను గీయమంది హెప్సిబా.
గీశాను.
నల్ల పెన్నుతో దిద్ది, లోపలి తళుకులకి
అక్కడక్కడా తెల్ల కాగితం వదిలిపెట్టి,
అంచున డ్రిల్లు గాట్లు కూడా వేశాను.
నవ్వింది.
"అంత అక్కర్లేదు మోషే బాబాయ్, చుక్క పెట్టు చాలు.
చుక్క మీద బాణాలు."

ఇరవై రెండేళ్లుగా చీమకుర్తి క్వారీలో
డెరిక్ క్రేను మీద కూర్చుంటున్నా.
ఇరవై టన్నుల్ని చుక్క అని ఎన్నడూ అనుకోలేదు.
కిందికి ఒక బాణం: భారం.
పైకి ఒక బాణం: ఇనప తాడు లాగుడు. తన్యత అంటారంట.
క్రేను గీయకూడదు, నన్ను గీయకూడదు,
కింద నిలబడి సైగలు చేసే మనిషిని అసలే గీయకూడదు.
బండను పట్టుకున్నవి మాత్రమే.
"మరి నేను?"
"నువ్వు తాడులో ఉన్నావు."

ఓపెన్ ఇంటరు, ఫిజిక్సు, మూడోసారి.
నాకు నలభై ఒకటి.
పాసైతే సూపర్‌వైజరు లిస్టులో పేరు రాస్తామన్నారు.
రాత్రి ఎనిమిదికి, డంపర్లు లేపిన దుమ్ము
ఇంటి కప్పుల మీద సర్దుకునే వేళకి,
పక్కింటి ఈ పిల్ల తన రికార్డు పక్కనబెట్టి
నా లెక్కలు దిద్దుతుంది.
పదిహేడేళ్లది. ఎర్ర పెన్నంటే మహా ఇష్టం.

మొదట లారీ లెక్క.
గంటకు యాభై నాలుగు కిలోమీటర్లతో ఒంగోలు రోడ్డున పోతోంది,
బ్రేకు వేస్తే డెబ్బై అయిదు మీటర్లలో ఆగింది,
త్వరణం కనుగొనుము.
సెకనుకు పదిహేను మీటర్లని మార్చాను,
వర్గం చేశాను, నూట యాభైతో భాగించాను.
ఒకటిన్నర. దాని ముందర రుణ గుర్తు.
కొట్టేశాను. మళ్లీ చేశాను. మళ్లీ రుణమే.
మా ఇంట్లో ఏ లెక్క చేసినా తేలేది అదేగదా అని
పుస్తకం మూశాను.
హెప్సిబా తెరిచింది.
"రుణమంటే అప్పు కాదు బాబాయ్.
పోయే దిక్కుకి ఎదురు దిక్కు, అంతే.
ఎటు ప్లస్సో ముందు నువ్వే అనుకోవాలి.
అనుకున్నాక మధ్యలో మాట మార్చకూడదు."
మాట మార్చకూడదన్నది ఫిజిక్సులో ఉంటుందని
ఇంతకాలం నాకెవరూ చెప్పలేదు.

తర్వాత తాడు లెక్క.
బండ ఇరవై వేల కిలోలు.
తాడు ఓర్చుకునేది రెండు లక్షల ఇరవై వేల న్యూటన్లు.
గురుత్వ త్వరణాన్ని పదిగా తీసుకొనుము.
తెగకుండా ఎంత త్వరణంతో ఎత్తవచ్చును?
భారం తీసేస్తే ఇరవై వేలు మిగిలింది,
దాన్ని బండకి పంచితే
ఒకటి.
సెకను సెకనుకీ ఒక్క మీటరు.

నిద్రపోయే పసిదాన్ని చేతుల్లోకి తీసుకున్నట్టు తియ్యరా
అనేవాడు పేరయ్య మేస్త్రి,
లివరు మీద నా చెయ్యి పెట్టించి
దాని మీద తన చెయ్యి పెట్టి.
బడి మొహం చూడనోడు.
అతని అరచేతిలో ఉన్నది ఈ ఒకటే.

మూడో లెక్క పుస్తకంలో లేదు.
హెప్సిబా మంచినీళ్లకి లేచినప్పుడు నేనే రాసుకున్నా.
అదే బండ, అదే తాడు, ఆరేళ్ల కిందటి మధ్యాహ్నం.
కృష్ణపట్నంలో ఓడ రేపే అన్నారు.
లారీ హారను ఆపడంలేదు.
లివరు మీద చెయ్యి ఒక్కటే, నాది.
త్వరణం మూడు అనుకొనుము.
పదీ మూడూ పదమూడు, ఇంటూ ఇరవై వేలు,
రెండు లక్షల అరవై వేలు.
తాడు మోసేదానికన్నా నలభై వేలు ఎక్కువ.
తెగిన తాడు ఎటు విసురుతుందో
ఆ పాఠంలో లేదు.
కింద సైగలు చేసే మనిషిని గీయకూడదు కదా,
పేరయ్యను గీయలేదు.

తిరిగొచ్చి కాగితం లాక్కుంది హెప్సిబా.
ఈ లెక్క ఎక్కడిదని అడగలేదు.
పైనుంచి కిందికి వేలితో నడిచింది.
"అంతా రైటే."
ఎర్ర పెన్నుతో చివరి అంకె చుట్టూ సున్నా చుట్టింది.
"నలభై వేలు అంటే ఏం నలభై వేలు బాబాయ్?
ప్రమాణాలు రాయలేదు.
అర మార్కు పోద్ది."

పెన్ను తీసుకున్నాను.
చాలాసేపటికి
న్యూటన్లు అని రాశాను.